ఇంటికొక నంబరు

హోసూరు,
18 నవంబరు 2025, మంగళవారం.

చిరంజీవి తమ్ముడు నాగేశప్పకు నీ చిన్నక్క ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. నా నంబరు నీ ఫోన్‌కు రాకుండా ఆపేసుకున్నావు కాబట్టి నోటితో చెప్పే దారి లేదు. వచ్చే ఆదివారం మన ఊళ్ళ వాట్సాప్ గ్రూపులో నేనొక సంగతి పెట్టబోతున్నాను. అది ఇంకొకరి ద్వారా నీకు తెలియకూడదు. ముందు నీకే తెలియాలి. అందుకే ఆలస్యం చేయకుండా ఈరోజే కాగితం తీసుకున్నాను.

ఇక్కడ నేను, మురళి, కోడలు ఆరోగ్యంగానే ఉన్నాము. మనవరాలు భువన కోయంబత్తూరులో తన ఉద్యోగంలో కుదురుకుంది. ఈ ఏడాది చలి ముందే వచ్చింది. తళి వైపు పొద్దెక్కినా మంచు విడవడం లేదని, గులాబీ మొగ్గలు విచ్చుకోవడం లేదని పూలబండి వాళ్ళు చెబుతున్నారు. నీ కుడి కన్ను శుభ్రంగా కనిపిస్తోందని, ఎడమ కన్నుకు సంక్రాంతి తరువాత ఆపరేషన్ అని శశికళ రాసింది. చదివి ఊరట చెందాను. మందు వేసుకోవడం మానవద్దు.

అమ్మా శశికళా, ఈ ఉత్తరం నాన్నకు నువ్వే చదివి వినిపిస్తావని తెలుసు. మధ్యలో నీకు బాధ కలుగుతుంది, నాన్నకు కోపం వస్తుంది. ఏ మాటా దాటవేయవద్దు, మెత్తగా మార్చవద్దు. నేను రాసినట్టే చదువు. అత్తగా నిన్ను అడుగుతున్నది ఇదొక్కటే.

నాగేశప్పా, నీకు తెలిసిన సంగతులనే మొదటి నుంచి రాస్తున్నానని విసుక్కోవద్దు. ఆదివారం గ్రూపులో పెట్టేది కూడా ఇదే వరుసలో ఉంటుంది. నీకు ఒకటి, వాళ్ళకు ఒకటి కాకూడదు.

ఆ గ్రూపు పెట్టింది భువన, కరోనా వచ్చిన ఏడాది. తళి నుంచి అత్తిముగం వరకు మనకు బంధుత్వాలున్న ఊళ్ళన్నిటికీ కలిపి 'మన ఊళ్ళ కబురు' అని పేరు పెట్టింది. తెలుగు, తమిళం, కన్నడం మూడూ చదవగలను, బడి నుంచి రిటైరై ఖాళీగా ఉన్నాను, కాబట్టి అడ్మిన్‌గా నన్ను కూర్చోబెట్టింది. ఒక ఇంటి నుంచి నలుగురు చేరితే గోల అవుతుందని ఇంటికొక నంబరు చాలునని నియమం పెట్టాను. పొద్దున్నే పూల ధర, కొత్తిమీర ధర. తరువాత బస్సు రాకపోతే బస్సు సంగతి, కరెంటు తీసేస్తే కరెంటు సంగతి. కార్తికం నుంచి రాగి కోతలదాకా ఏనుగుల సంగతి. పెళ్ళి పిలుపులు. సావు కబుర్లు.

అంతకుముందు మన ఊళ్ళలో సావు కబురు ఎలా వెళ్ళేదో నీకు గుర్తుంది. ఇద్దరు మనుషులు బండి మీద బయలుదేరి చుట్టాలున్న ప్రతి ఊరికీ వెళ్ళేవాళ్ళు. వాకిట్లో నిలబడి చెప్పేవాళ్ళు. కూర్చోరు, మంచినీళ్ళు ముట్టరు, చెప్పి వెళ్ళిపోతారు. కరోనాలో రోడ్లు మూసేసినప్పుడు ఆ తిరుగుడు ఆగిపోయింది, కబురు గ్రూపులోకి వచ్చింది. రోడ్లు తెరిచాక కూడా గ్రూపులోనే ఉండిపోయింది. 'సావు కబురు గ్రూపులో పెట్టిన తరువాత ఇంటింటికీ ఫోన్ చేయనక్కరలేదు, ఎవరికి వారు చూసుకోవాలి' అని నాలుగో నియమం రాసింది నేనే. సంతాపంలో ఉన్నవాళ్ళకు ఫోన్ల బాధ తప్పుతుందని అనుకున్నాను. అందరూ మెచ్చుకున్నారు.

ఇక నీ సంగతి. నువ్వు ఆ గ్రూపులో ఎంత చికాకు పెట్టేవాడివో మెత్తగా రాయను. నియమాల ప్రకారం వాయిస్ మెసేజి ఒక నిమిషం దాటకూడదు, నీది ఎప్పుడూ ఏడెనిమిది నిమిషాలు. గుర్రప్ప మన చిన్నాన్న కొడుకు, నీ పక్క చేను వాడు. అతను తన గులాబీల ఫోటో పెడితే చాలు, నువ్వు దిగేవాడివి.

"ఏమప్పా గుర్రప్పా, ఆ పూలు నీవా, హోసూరులో బొకేలంగడికి పోయి ఫోటో పట్టుకోనొచ్చినావా?"

దానికతను, "కంటికి గంత కట్టుకోని తుమకూరులో పండుకోనుండే వానికి నా పూలు యాడ కనపడతాయి?" అనేవాడు.

"ఒంటి కంటికే ఇంత వాడిపోయి కనపడతా ఉండాయి, రెండు కండ్లతో చూస్తే యాడ రాలిపోతాయో!"

నలభై మంది నవ్వే బొమ్మలు పెట్టేవారు. అక్కడి నుంచి మాట దారి గొడవలోకి దిగేది. గుర్రప్ప గట్టున పాతిన రాయి, నీ ట్రాక్టరు తిరగలేకపోవడం, ఇద్దరూ కృష్ణగిరి దాకా వెళ్ళి పెట్టుకున్న అర్జీలు, చివరికి చనిపోయిన చిన్నాన్న పేరు. మధ్యలో ఎవరో పాపం టమాటా ధర అడిగితే ఆ ప్రశ్న ఎక్కడో పైకి వెళ్ళిపోయేది. నేను నీ మెసేజిలు తొలగించేదాన్ని. 'అడ్మిన్ తొలగించారు' అనే మచ్చ మాత్రం అక్కడ మిగిలేది. వెంటనే నువ్వు, "చూడండప్పా, మా అక్క నా నోరు కుట్టేసింది, దారం యాడ కొనిందో అడగండి" అని ఇంకొకటి పంపేవాడివి.

రెండుసార్లు హెచ్చరించాను, ఒకసారి విడిగా, ఒకసారి అందరిలో. అప్పుడు భువన ఫోన్ చేసి, "అవ్వా, ఇది బడి కాదు. తాతకు ఒక ఫోన్ చేసి బాగా తిట్టు, చాలు. తీసేయొద్దు" అంది. నేను వినలేదు. ఒకరికి సడలించిన నియమం ఇంకొకరి మీద నిలబడదని నా నమ్మకం. తమ్ముడని వదిలేశానని అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు.

మూడోది ఏనుగుల సంగతి. కన్ను ఆపరేషన్ అయి తుమకూరులో కూతురింట ఉన్నవాడివి. ఎప్పటిదో పాత వీడియో పెట్టి, "జవళగిరి దిక్కు నుంచి గుంపు వస్తా ఉంది, గుర్రప్ప రాగి చేను వాసన పట్టేసినాయి" అన్నావు. అతన్ని ఒక గంట పరిగెత్తించాలని నీ సరదా. పరిగెత్తింది అతనొక్కడే కాదు. రెండు ఊళ్ళ మగవాళ్ళు టపాకాయలు, డప్పులు పట్టుకుని పొలాల్లోకి ఉరికారు. గుర్రప్ప కొడుకు బండి గట్టు మీద నుంచి జారి మణికట్టు విరిగింది. నువ్వు, "సరదాకి అన్నాను, వాడి చెయ్యి విరుగుతుందని నాకు తెలుసా?" అన్నావు. అక్టోబరు 15న నిన్ను గ్రూపు నుంచి తీసేశాను. పదిహేను రోజులకు.

నీ ఉత్తరంలో అడిగిన మూడింటిలో మొదటి ప్రశ్న: 'నన్ను తీసింది నువ్వా, భువనా, లేకపోతే ఫోనే తీసేసిందా?' నేనే తీశాను. ఈ వేలితోనే. తీసినందుకు ఇప్పటికీ క్షమాపణ చెప్పను. మళ్ళీ అలా చేస్తే మళ్ళీ తీస్తాను. నేను చూడనిది ఇంకొకటుంది. ఇంటికొక నంబరు అని పెట్టింది నేనే. నీ ఇంటికి ఉన్న నంబరు నీది. మరదలు పోయాక ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు. శశికళ పెళ్ళయి వెళ్ళిన పిల్ల కాబట్టి గ్రూపులో లేదు. నిన్ను తీసేసినప్పుడు ఒక నోటిని ఆపానని అనుకున్నాను. నిజానికి ఒక ఇంటిని చుట్టరికం నుంచి వెలివేశాను. ఊరి పెద్దలు పదిమంది కూర్చుని చేసినా అంత శుభ్రంగా జరగదు.

నీ మూడో ప్రశ్నకు ముందు జవాబిస్తాను. రెండోదానికి చాలా రాయాలి. 'పోయే ముందు పెద్దక్క నన్ను అడిగిందా?' అన్నావు.

అడిగింది. పెద్దక్కకు ఆయాసం ఎక్కువైందని, పోవడానికి రెండు రోజుల ముందు, శనివారమే నేను అత్తిముగం వెళ్ళాను. నీకు ఫోన్ చేయనా అంటే, "నాగడికి చెప్పొద్దమ్మే. కన్ను నిండా మందేసుకోనుంటాడు. ఏడిస్తే కన్ను చెడిపోతుంది" అంది. ఆదివారం సాయంత్రం కాస్త తేరుకుంది. దిండుకు ఆనించి కూర్చోబెట్టి గంజి తాగించాను. అప్పుడు అడిగింది.

"పది దినాలుగా ఆయాసంలో వినలేదు. నాగడు గ్రూపులో ఏమంటా ఉండాడు? వాడి మాట కొంచెం పెట్టమ్మే."

అప్పుడే నాకు తెలిసింది. అంతకుముందు రోజూ సాయంత్రం బావ ఫోన్‌లో నీ వాయిస్ మెసేజిలు పెట్టించుకుని వినేదట. గుర్రప్పతో నీ జగడాలు, నా మీద నీ ఎత్తిపొడుపులు, అన్నీ. విని నవ్వుకునేదట.

"వాణ్ణి తీసేసినానక్కా" అన్నాను.

"తీసేస్తివా? ఎందుకమ్మే?"

ఏనుగుల సంగతి చెప్పాను. "తప్పేలే. అయినా నవ్వించేవాడు వాడొక్కడే కదా ఆడ" అంది. తరువాత, "పాతది ఏదన్నా ఉంటే పెట్టు" అంది. బావ ఫోన్ తీసుకుని వెతికాను. నాలుగైదు చోట్ల నీ పేరు కింద ఉన్నది 'అడ్మిన్ తొలగించారు' అనే మాటే. మిగిలిన వాటిని బావ ఫోన్‌లో చోటు చాలడం లేదని ఎవరో తీసేశారట. ఏమీ దొరకలేదు. "పోనీలే, వచ్చినాక ఎదురుగానే వింటాను" అని పడుకుంది. తెల్లవారుజామున వెళ్ళిపోయింది.

ఇంతవరకు నేను ఎవరికైనా చెప్పగలిగిన సంగతులు. ఇక రెండో ప్రశ్న. 'పుట్టింటి కోక గుర్రప్పతో ఎవరు పెట్టించినారు?'

ఎత్తే ముందు తోడబుట్టినవాడు కప్పవలసిన ఆ చీర అతను పెట్టాడని నీకు ఇప్పటికే తెలుసు. ఎందుకు అతను పెట్టాడో తెలియదు. అక్టోబరు 30న నీ పదిహేను రోజులు తీరాయని నిన్ను మళ్ళీ చేర్చాను. చేర్చగానే నీ కంట పడిన మొదటి మెసేజి నేను పెట్టిందే. అత్తిముగం పిల్లమ్మ గారి పదకొండో రోజు ఫలానా తేదీన అని. నువ్వు వెంటనే ఫోన్ చేశావు.

"అక్కా, ఎవురీ పిల్లమ్మ? మనకు తెలిసినోళ్ళేనా?"

నీ గొంతులో భయం వినిపించింది. అత్తిముగంలో ఇంకొక పిల్లమ్మ ఉండాలని నువ్వు కోరుకుంటున్నావు. నేను, "మన అక్కేరా. గ్రూపులో పెట్టినాను, నువ్వు లోపల లేవన్న సంగతి మరచిపోయినాను" అన్నాను. నువ్వు ఫోన్ పెట్టేశావు. ఆ తరువాత నా ఫోన్ నీకు మోగలేదు.

నాగేశప్పా, నేను మరచిపోలేదు.

అక్క ముఖం తుడిచి, కళ్ళు మూసి, బావను కూర్చోబెట్టి, వాకిట్లోకి వచ్చి కబురు టైపు చేశాను. ఊరు, పేరు, ఎవరి భార్య, ఎవరి కూతురు, సాయంత్రం నాలుగు గంటలకు ఎత్తుతారు అని రాశాను. పంపే ముందు నువ్వు గుర్తుకొచ్చావు. గడువు ఇంకా మూడు రోజులుందన్నది కూడా గుర్తుకొచ్చింది. నిన్ను చేర్చడానికి ఒక్క క్షణం చాలు. ఫోన్ చేయడానికి రెండు నిమిషాలు చాలు. నేను చేయలేదు. ఎవరి ద్వారానో గంటలోగా నీకు తెలుస్తుంది, అప్పుడు నువ్వే నాకు ఫోన్ చేస్తావు, నాకెందుకు చెప్పలేదని అడుగుతావు, బయట ఉండటమంటే ఏమిటో అప్పుడు నీకు అర్థమవుతుంది అనుకున్నాను. అక్క ఒంట్లో వేడి ఇంకా ఆరలేదు, నేను నీకు పాఠం చెప్పాలని చూశాను.

ముప్పై రెండేళ్ళు బడిలో నా పద్ధతి ఇదే. అల్లరి చేసిన పిల్లవాణ్ణి కొట్టేదాన్ని కాదు. తలుపు బయట నిలబెట్టేదాన్ని. వాడు కాసేపు మొండిగా ఉండి, తరువాత తొంగిచూసి, లోపలికి రావచ్చా టీచర్ అని అడిగేవాడు. ఎంత మొండివాడైనా అడిగేవాడు. తలుపు బయట ఉన్నవాడికి లోపల ఏం జరుగుతోందో వినపడుతుంది కాబట్టి అడిగేవాడు. నీకు ఏమీ వినపడలేదు. తుమకూరులో కాఫీ తాగి, కంట్లో మందు వేసుకుని కూర్చుని ఉన్నావు.

ఎనిమిదైంది, తొమ్మిదైంది. నీ ఫోన్ రాలేదు. ఇంటి నిండా మనుషులు నిండారు. ఎవరూ నీకు చెప్పలేదు, ఎందుకంటే చెప్పనక్కరలేదని నా నాలుగో నియమం. నువ్వు గ్రూపులో లేవని గుర్తున్నవాళ్ళు సొంత అక్క చెప్పి ఉంటుందనుకున్నారు. మురళి కూడా అలాగే అనుకున్నాడు.

పది దాటాక గుర్రప్ప వచ్చాడు. కొడుకు కట్టుకట్టిన చేత్తో వెనక ఉన్నాడు. గుర్రప్ప చేతిలో గంపెడు తెల్ల గులాబీలు. అక్క కాళ్ళ దగ్గర పెట్టి నా పక్కకు వచ్చాడు.

"నాగడు బయలుదేరినాడా అక్కా? యాడికొచ్చినాడంట?"

నేను ఆ పూలు సర్దసాగాను.

"వాడు గ్రూపులో లేడు కదా, చెప్పినారా లేదా?"

నువ్వు చిన్నాన్న పేరెత్తి తిట్టిన మనిషి, నీ సరదాకు కొడుకు చెయ్యి విరిగిన మనిషి. అంత జనంలో ఆ ప్రశ్న అడిగింది అతనొక్కడే. లేదని చెబితే సరిపోయేది. అప్పటికీ సమయం ఉంది. తుమకూరు నుంచి కారు మాట్లాడుకుంటే బెంగళూరు దాటి నాలుగింటికి ముందే వచ్చేవాడివి. కానీ లేదంటే, ఎందుకు లేదని అడుగుతాడు. పక్కన ముప్పై మంది ఆడవాళ్ళు ఉన్నారు. పొద్దుటి నుంచి ఎందుకు చెప్పలేదో నేను నోరు విప్పి చెప్పాలి.

"చెప్పినాను" అన్నాను.

"వస్తా ఉండాడా?"

"రాలేడంట. కంటికి గాలి తగలగూడదన్నారంట."

బావ వెంకటరమణప్ప అరుగు మీద నుంచి విన్నాడు. "పుట్టింటి కోక రాకుండా నీళ్ళెట్లా పోసేది? పుట్టింటి నుంచి వచ్చేవాడు వాడొక్కడే కదమ్మా" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. అప్పుడు నా నోటి నుంచి ఆ మాట వచ్చింది.

"గుర్రప్పను పెట్టమన్నాడు. తన తరఫున."

గుర్రప్ప నా దగ్గరికి జరిగాడు. "నన్నేనా అక్కా? వాడే అన్నాడా, నువ్వంటా ఉండావా?" అన్నాడు.

"వాడే అన్నాడు."

అతను తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ వెంటనే బండి తీసుకుని శూలగిరికి వెళ్ళి, ఆకుపచ్చ చీర, ఎర్ర అంచుది, తెచ్చాడు. అక్క మీద కప్పుతూ అందరికీ వినపడేలా గట్టిగా అన్నాడు. "అక్కా, నాగడి తరఫున పెడతా ఉండాను. వాడు రాలేకపోయినాడని మనసులో పెట్టుకోవద్దు."

ఇక ఆ తరువాత నీకు ఫోన్ చేయలేకపోయాను. చేస్తే నువ్వు వస్తావు. వస్తే నా మాట అబద్ధమని అక్కడే తేలుతుంది. నీకు అక్క చివరి చూపు దక్కకుండా చేసింది నియమం కాదు, గ్రూపు కాదు, మరపు కాదు. పదిమందిలో నా మాట పోతుందని నేను భయపడ్డాను, అందుకని నిన్ను రానివ్వలేదు. నాలుగింటికి ఎత్తారు. మూడు రోజులు నీకు చెప్పే ధైర్యం రాలేదు. ముప్పయ్యో తేదీన నియమం ప్రకారం నిన్ను చేర్చాను. ఆ పని మాత్రం గడువు తప్పకుండా చేశాను.

దీని తరువాత జరిగినవి కూడా నీకు తెలియాలి. నువ్వు ఎవరి నంబరు నుంచో పంపిన మాట, 'సొంత అక్క సావు నాకు చెప్పని గ్రూపు' అన్నది, అందరి ఫోన్లకూ చేరింది. నీవైపు కొందరు, నావైపు కొందరు. నావైపు వాళ్ళు నిన్ను అబద్ధాలకోరు అన్నారు, ఎందుకంటే నువ్వే గుర్రప్పను పెట్టమన్నావని వాళ్ళు చెవులారా విన్నారు. నన్ను సమర్థిస్తూ నిన్ను తిట్టినవాళ్ళ మెసేజిలు నేను తొలగించలేదు. ఎందుకు తొలగిస్తున్నావని అడుగుతారని. నియమాలను నేను ఎంత శుభ్రంగా నడిపానో చూశావా.

డెబ్బై ఇళ్ళవాళ్ళు బయటికి వెళ్ళి వేరే గ్రూపు పెట్టుకున్నారు. దాని మొదటి నియమం మునిలక్ష్మమ్మను, అంటే నన్ను, చేర్చకూడదని. నియమాలు ఎలా రాయాలో నా దగ్గరే నేర్చుకున్నారు. ఇప్పుడు కొత్తిమీరకు రెండు గ్రూపుల్లో రెండు ధరలు. పోయిన వారం అత్తిముగం దారిలో ఒక పెళ్ళి జరిగితే, సగం చుట్టాలకు పిలుపు అందలేదని వియ్యంకులు మాటలు అనుకున్నారు. ఏనుగులు వచ్చాయని ఒకరంటే, ఏ గ్రూపు ఏనుగులు అని ఇంకొకరు ఎగతాళి చేస్తున్నారు. పొద్దున ధర అడిగినవాడికి తిట్టు జవాబుగా వస్తోంది. నేను తొలగిస్తే 'అక్కకు ఇంకా సిగ్గు రాలేదు' అంటున్నారు. తొలగించకపోతే చదవలేకపోతున్నాను. ఇది మళ్ళీ కుదురుకుంటుందని నాకు నమ్మకం లేదు. మనుషులు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం వేరు, నా వంటిది ఒకతె తలుపు దగ్గర నిలబడి ఎవరు ఉండాలో నిర్ణయించడం వేరు. ఐదేళ్ళు ఆ రెండూ ఒకటే అనుకున్నాను.

అన్నిటికంటే బరువైనది గుర్రప్ప సంగతి. నీ కోపమంతా గ్రూపు నుంచి తీసేసినందుకేననుకుని, తన విషయంలో నువ్వు పెద్ద మనసు చేసుకున్నావని నమ్మాడు. పదకొండో రోజు అత్తిముగంలో నలుగురిలో, "ఎన్నేండ్లుగానో కొట్లాడినా, కడాకు నాగడు నన్నే పుట్టింటోడిగా నిలబెట్టినాడప్పా" అన్నాడు. గట్టున పాతిన రాయిని కూలివాళ్ళను పెట్టి పెకలించాడు. నువ్వు వచ్చేసరికి ట్రాక్టరు తిరగాలని దారిని చదును చేయించాడు. మొన్న నేను తళి వెళ్ళినప్పుడు నన్ను తీసుకెళ్ళి చూపించాడు.

"కోపమంతా నీ మీదేనక్కా వానికి, నా మీద లేదు. కన్ను బాగయినాక వస్తాడులే. రానీ, కొట్లాడడానికి నాకూ ఇంకెవురుండారు?"

నేను అక్కడే చెప్పి ఉండాలి. ఆ చదును చేసిన మట్టి మీద నిలబడి, సరేనప్పా అని బస్సెక్కి వచ్చేశాను.

నీ ఉత్తరంలో, 'గుర్రప్ప నా హక్కును దొంగిలించినాడు, వాణ్ణి ఈ జన్మలో వదలను' అని రాయించావు. ఆ వాక్యం చదివాక నేను ఇక ఊరుకోకూడదనుకున్నాను. నేను చెప్పకపోతే నువ్వు అతనితో దొంగ అన్నట్టు పోట్లాడుతావు, అతను నిన్ను మాట తప్పినవాడు అంటాడు, ఇద్దరికీ కారణం తెలియదు. చెబితే అతను పదిమందిలో సిగ్గుపడతాడు. నువ్వు పంపావనుకుని చేసిన పని ఎవరూ పంపకుండా చేసిన పనిగా తేలుతుంది. ఆ రాయి మళ్ళీ గట్టు మీదికి వస్తుందనే నేను అనుకుంటున్నాను. రెండు దారుల్లోనూ మంచి లేదు. ఒకదానిలో నిజమైనా ఉంది.

క్షమించమని రాయడం లేదు. నేను నీ చోటులో ఉంటే క్షమించను. ఇక జరగవలసినవి వరుసగా:

1. శనివారం, 22న, గుర్రప్ప ఇంటికి వెళ్ళి ఎదురుగా చెబుతాను. అతను ఏమన్నా వింటాను. రాయి తిరిగి పాతుకుంటే అది అతని ఇష్టం. నువ్వు అర్జీ పెట్టుకుంటే అది నీ ఇష్టం. కానీ కోక విషయంలో అతన్ని దొంగ అనవద్దు. ఆ మాట నాకు వాడు.

2. ఆదివారం, 23న, ఈ సంగతంతా గ్రూపులో పెడతాను. ఎవరు ఏమి రాసినా ఆ రోజు ఒక్క మెసేజి కూడా తొలగించను.

3. సోమవారం అడ్మిన్‌గా తప్పుకుంటాను. భువన వద్దంది, మురళికి తీరిక లేదు. ఎవరూ ముందుకు రాకపోతే అది తనంతట తానే మూగబోతుంది.

4. అక్క మొదటి మాసికం 26న, బుధవారం, అత్తిముగంలో. నువ్వు వెళ్ళు. బావ నీ కోసం అడుగుతున్నాడు. నా ముఖం చూడవలసి వస్తుందని ఆగవద్దు, నేను వెళ్ళడం లేదు.

5. శశికళ నంబరు మురళి దగ్గర, మురళి నంబరు శశికళ దగ్గర ఉండాలి. ఇద్దరూ నా ముందు కాకపోయినా ఒకసారి మాట్లాడుకోవాలి.

6. నా సావు కబురు గ్రూపులో పెట్టకూడదు. మురళి తుమకూరు వచ్చి మీ వాకిట్లో నిలబడి నీకు నోటితో చెబుతాడు. వాడితో చెప్పి మాట తీసుకున్నాను. నువ్వు రావాలని అడిగే హక్కు నాకు లేదు. నువ్వు రాకపోతే గుర్రప్పను గానీ, ఇంకొకరిని గానీ నీ తరఫున అని నిలబెట్టకూడదు. పుట్టింటి కోక లేకుండానే నన్ను ఎత్తమని చెప్పాను.

ఇట్లు,
నీకు మిగిలిన అక్క,
మునిలక్ష్మమ్మ.